సిఫిలిస్ రక్తపరీక్ష: రిపోర్టులో ఏముంది, తర్వాత ఏం చేయాలి

జూలూరుపాడు మండలంలో గర్భిణిగా పేరు రాయించుకున్న అక్కచెల్లెళ్లకు, వారి ఇంటివారికి

మొదటిసారి పేరు రాయించుకోవడానికి దవాఖానకు వెళ్లినప్పుడు నర్సమ్మ మీ రక్తం తీస్తుంది. హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, షుగరు, హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి పరీక్షలతో పాటు సిఫిలిస్ పరీక్ష కూడా అందులో ఉంటుంది. మన పెద్దలు సవాయి అనేవాళ్లే, ఆ జబ్బే ఇది. జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద సర్కారు దవాఖానలో గర్భిణికి ఈ పరీక్షకు గానీ, మందుకు గానీ ఒక్క రూపాయి కట్టక్కర్లేదు.

చాలామందికి 'నాన్ రియాక్టివ్' అని వస్తుంది. అంటే రక్తంలో ఆ జబ్బు గుర్తులు కనిపించలేదని. ఎవరికైనా 'రియాక్టివ్' అనో 'పాజిటివ్' అనో వచ్చిందనుకోండి, ఆ ఒక్క మాట పట్టుకుని ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. "ఇదెట్ల వచ్చింది? ఎవరి నుంచి వచ్చింది?" అని. నిజానికి ఆ కాగితం చెప్పలేని సంగతులు సరిగ్గా అవే. జబ్బు ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ రక్తపరీక్షా చెప్పదు. చాలాసార్లు ఆ ఒక్క పరీక్షతో జబ్బు ఇప్పుడు ఉందో లేదో కూడా తేలదు. మరి ఏం చెబుతుంది, దాన్ని పట్టుకుని మీరేం చేయాలి, అదే ఇక్కడ రాస్తున్నాం.

ఫోన్ నంబరు సంగతి ముందు

రిపోర్టు గురించి చెప్పే ముందు ఒక చిన్న మాట. పీహెచ్‌సీలో తీసిన రక్తంలో కొన్ని పరీక్షలు తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రానికి వెళ్తాయి. కొత్తగూడెంలో ఆ కేంద్రం 2021 జూన్‌లో మొదలైంది. అక్కడి రిపోర్టు మెసేజ్ మీరు రాయించిన ఫోన్ నంబరుకు వస్తుంది. ఆ నంబరు ఎవరిది? మన ఇళ్లలో భర్తదో, మరిదిదో, అత్తమ్మదో రాయించి ఉంటారు. మీ సంగతి మీకన్నా ముందు ఇంకొకరు చదవడం మీకు ఇష్టం లేకపోతే, పేరు రాయించే రోజే మీ సొంత నంబరు ఇవ్వండి. సొంత ఫోన్ లేకపోతే "నేనే వచ్చి తీసుకుంటా" అని నర్సమ్మకు చెప్పండి. మీరు ఒప్పుకోకుండా మీ రిపోర్టు సంగతి బయటివాళ్లకు చెప్పకూడదు. ఆశా అక్కకు తెలిసినా ఆమె వాడలో నోరు విప్పకూడదు.

అసలు ఈ పరీక్ష ఎందుకు?

సిఫిలిస్ ఒక సన్నని సూక్ష్మజీవి వల్ల వస్తుంది. ఎక్కువగా కలయిక వల్ల ఒకరి నుంచి ఒకరికి, తర్వాత తల్లి నుంచి కడుపులో బిడ్డకు చేరుతుంది. ఒకే కంచంలో తిన్నా, ఒకే బిందెలో నీళ్లు తాగినా, ఒకరి చీర ఇంకొకరు కట్టుకున్నా, దోమ కుట్టినా రాదు.

దీని మాయ ఏందంటే, నొప్పి ఉండదు. జబ్బు సోకిన తర్వాత 10 నుంచి 90 రోజుల మధ్య, సాధారణంగా మూడు వారాలకు, ఒక పుండు లేస్తుంది. లోపలి వైపు లేస్తే ఆడవాళ్లకు కనిపించను కూడా కనిపించదు. 3 నుంచి 6 వారాల్లో దానంతట అదే మానిపోతుంది. అప్పటికి ఎవరో ఇచ్చిన ఆకు పసరు రాసి ఉంటే, దానివల్లే తగ్గిందనుకుంటాం. తర్వాత కొందరికి ఒంటిమీద, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలు వస్తాయి. అవీ పోతాయి. ఆ మీదట ఏళ్ల తరబడి పైకి ఏమీ ఉండదు. పత్తి తీస్తారు, మిర్చి ఏరుతారు, అన్ని పనులూ చేసుకుంటారు. రక్తంలో మాత్రం జబ్బు అలాగే ఉంటుంది.

కడుపుతో ఉన్నప్పుడు దానికి మందు పడకపోతే బిడ్డకు ముప్పు. వైద్యం అందని తల్లుల కాన్పుల్లో సగానికి పైగా చెడు జరుగుతుంది: కడుపులోనే బిడ్డ పోవడం, పుట్టిన కొద్ది రోజులకే చనిపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, జబ్బుతో పుట్టడం. 2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 7 లక్షల కాన్పులకు ఈ జబ్బు తగిలిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇంత నష్టాన్ని ఆపే మందు చాలా పాతది, చాలా చవకది: పెన్సిలిన్ సూది. అందుకే మూడో నెల నిండకముందే పేరు రాయించుకోమని వెంటపడేది.

రెండు రకాల పరీక్షలు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. సిఫిలిస్‌కు పరీక్ష ఒకటి కాదు, రెండు రకాలు. రెండూ వేర్వేరు సంగతులు చెబుతాయి.

మొదటిది ఊళ్లోనో పీహెచ్‌సీలోనో వేలి చుక్క రక్తంతో చేసేది. చిన్న పట్టీ మీద గీతలు వస్తాయి, 15-20 నిమిషాల్లో తెలిసిపోతుంది. ఒకే పట్టీ మీద హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ చూసే కిట్లు కూడా ఉన్నాయి. ఏ గీత దేనిదో నర్సమ్మను అడగండి. సిఫిలిస్ గీత వచ్చినంత మాత్రాన హెచ్‌ఐవీ ఉన్నట్టు కాదు, రెండూ వేరు. కంట్రోల్ గీత రాకపోతే ఆ పట్టీ చెల్లదు, మళ్లీ చేయాలి. పెద్ద ల్యాబులో చేసే టీపీహెచ్ఏ పరీక్ష కూడా ఈ రకందే.

రెండోది ల్యాబులో చేసే వీడీఆర్ఎల్ లేదా ఆర్‌పీఆర్. రిపోర్టులో దీని పక్కన ఒక అంకె ఉంటుంది: 1:4, 1:16, 1:32 ఇలా.

తేడా ఏమిటంటారా? పొయ్యిలో బూడిద ఉంటే ఎప్పుడో మంట పెట్టారని తెలుస్తుంది. అది నిన్నటిదో మొన్నటిదో, లోపల ఇంకా నిప్పు ఉందో లేదో బూడిద చెప్పదు. పట్టీ పరీక్ష చూసేది బూడిదను. ఒకసారి సిఫిలిస్ వచ్చి, సూదులు వేయించుకుని పూర్తిగా నయమైన మనిషికి కూడా అది చాలావరకు జీవితాంతం పాజిటివ్‌గానే వస్తుంది. వేడి ఎంత ఉందో తెలియాలంటే రెండో పరీక్ష, ఆ అంకె కావాలి.

అందుకే మొదటి కాన్పులో సూదులు వేయించుకున్న అక్కకు రెండో కాన్పులో పట్టీ మీద మళ్లీ గీత వస్తే "మళ్లీ అంటించుకున్నావా?" అని ఇంట్లోవాళ్లు అనడం ఎంత అన్యాయమో చూడండి. ఆ గీత పాతది కావచ్చు. ఆమె దగ్గర పాత రిపోర్టు, సూదులు వేసిన తేదీలున్న కార్డు ఉంటే డాక్టరు అంకెలు పోల్చి చూసి తేలుస్తారు. కార్డు లేకపోతే? గర్భిణి విషయంలో మళ్లీ సూదులు వేయాల్సిందే. పాత కాగితాలు పెట్టెలో దాచుకోమని ఎందుకు చెబుతారో ఇప్పుడు అర్థమైందనుకుంటా.

ఆ అంకె చదవడం

మజ్జిగలో సగానికి సగం నీళ్లు కలపండి. పులుపు తెలుస్తుందా? మళ్లీ సగానికి సగం కలపండి. ఇంకా తెలుస్తుందా? అలా పలచన చేస్తూ పోతే పుల్లటి మజ్జిగ అయితే చాలాసేపు పులుపు తెలుస్తూనే ఉంటుంది, చప్పటిదైతే రెండోసారికే పోతుంది. ల్యాబులో మీ రక్తంలోని ద్రవంతో చేసేది ఇదే. 1:2, 1:4, 1:8, 1:16, 1:32 అని పలచన చేస్తూ పోతారు. ఎక్కడిదాకా పరీక్ష పలుకుతుందో ఆ అంకె రాస్తారు. దాన్ని టైటర్ అంటారు. 1:32 అంటే బాగా పలచన చేసినా పలుకుతోందని, అంటే జబ్బు జోరు మీద ఉండొచ్చని. 1:2 అంటే కొంచెమే.

సూదుల తర్వాత అంకె రెండు మెట్లు దిగితే మందు పనిచేసినట్టు. 1:32 నుంచి 1:8కి, లేదా 1:16 నుంచి 1:4కి. ఒక్క మెట్టు దిగినా ఎక్కినా దాన్ని మార్పు కింద లెక్క పెట్టరు, ఒకే రక్తాన్ని రెండుసార్లు పరీక్ష చేసినా అంత తేడా రావచ్చు. దిగిన అంకె మళ్లీ రెండు మెట్లు ఎక్కితే, అంటే 1:4 కాస్తా 1:16 అయితే, జబ్బు మళ్లీ సోకిందనో మందు పూర్తిగా పనిచేయలేదనో అనుమానించాలి. ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. కొందరికి 1:1, 1:2 దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోతుంది. సూదులన్నీ పూర్తయి ఉంటే, అంకె పెరగకుండా ఉంటే, దానికి దిగులు పడక్కర్లేదు.

ఒక జాగ్రత్త. వీడీఆర్ఎల్ అంకెను ఆర్‌పీఆర్ అంకెతో పోల్చకూడదు. ఒకసారి ప్రైవేటు ల్యాబులో, ఇంకోసారి సర్కారు దవాఖానలో వేరే పరీక్ష చేయించి "పెరిగింది" అని భయపడితే ఆ భయానికి అర్థం లేదు. ఎప్పుడూ ఒకే పరీక్ష, వీలైతే ఒకే ల్యాబు.

మలేరియా, విషజ్వరాలు, మన అడవి

వీడీఆర్ఎల్, ఆర్‌పీఆర్ పరీక్షలకు ఒక బలహీనత ఉంది. సిఫిలిస్ లేకపోయినా ఒక్కోసారి తప్పుడు పాజిటివ్ వస్తుంది. మలేరియా, ఇతర జ్వరాలు, టీబీ, కుష్ఠు, లూపస్ లాంటి కీళ్లవాతం జబ్బులు ఉన్నప్పుడు అలా రావచ్చు. ఒక్కోసారి గర్భం వల్లే రావచ్చు. వానాకాలంలో జ్వరాలు లేచే మన అడవి పల్లెలకు ఈ సంగతి మరీ అవసరం. ఇలా వచ్చేవి ఎక్కువగా చిన్న అంకెలే, 1:8 లోపు. అప్పుడు టీపీహెచ్ఏ లేదా పట్టీ పరీక్ష చేస్తారు. అది నెగెటివ్ వస్తే చాలావరకు సిఫిలిస్ కాదు. ఈ మధ్య జ్వరం వచ్చి తగ్గి ఉంటే ఆ మాట నర్సమ్మకు తప్పకుండా చెప్పండి, అడగలేదని ఊరుకోవద్దు.

ఇంకొకటి ముసలివాళ్ల గురించి. కంటి ఆపరేషన్‌కో ఇంకో ఆపరేషన్‌కో తీసుకుపోతే అక్కడి రక్తపరీక్షలో ఏ తాతకో అవ్వకో పాజిటివ్ రావడం, ఇంటిల్లిపాదీ సిగ్గుతో చచ్చిపోవడం జరగవచ్చు. ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో పాటు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెల్లో యాస్ అనే చర్మవ్యాధి ఉండేది. పిల్లలు ఆడుకునేటప్పుడు చర్మానికి చర్మం తగిలి వచ్చే పుండ్లు అవి. కలయికకు, దానికి సంబంధమే లేదు. కానీ ఆ క్రిమి, సిఫిలిస్ క్రిమి దగ్గరి చుట్టాలు. ఏ రక్తపరీక్షా ఆ రెండింటినీ వేరు చేయలేదు. చిన్నప్పుడు యాస్ వచ్చిన మనిషికి 60 ఏళ్లకు కూడా పరీక్ష పాజిటివ్ రావచ్చు. యాస్ నిర్మూలన కార్యక్రమం 1996లో ఒడిశాలోని కోరాపుట్‌లో మొదలై అడవి జిల్లాలన్నింటికీ పాకింది. ఆరోగ్య కార్యకర్తలు గూడెం గూడెం తిరిగి సూదులు వేశారు. చివరి కేసు 2003లో కనిపించింది, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని యాస్ లేని దేశంగా ప్రకటించింది. జబ్బు పోయింది గానీ పెద్దల రక్తంలో దాని గుర్తు మిగిలి ఉండొచ్చు. కాబట్టి ఆ వయసులో ఎవరినీ వేలెత్తి చూపకండి. చిన్నప్పుడు పుండ్లు వచ్చాయేమో అడిగి, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి చాలు.

గర్భిణి అయితే ఎదురుచూడొద్దు

ఇప్పటిదాకా చదివి "అయితే నాదీ తప్పుడు పాజిటివ్ అయి ఉంటది, తర్వాత చూద్దాం" అనుకుంటారేమోనని భయం. అలా అనుకోవద్దు. కడుపుతో ఉంటే లెక్క వేరు. పట్టీ పరీక్షలో పాజిటివ్ వస్తే అదే రోజు మొదటి సూది వేసి, అంకె పరీక్షకు రక్తం పంపడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 సలహా. అనవసరంగా ఒక సూది పడితే పెద్దగా నష్టం లేదు, ఒక నొప్పి తప్ప. ఆలస్యమైతే బిడ్డకు నష్టం. మొదటి అంకె తెలియకపోతే తర్వాత దిగిందో లేదో పోల్చలేం కాబట్టి, సూది వేసే ముందే రక్తం తీశారా అని అడగండి.

సూది పేరు బెంజథీన్ పెన్సిలిన్, ఒక మోతాదు 24 లక్షల యూనిట్లు. రెండు పిరుదులకు చెరి సగం వేస్తారు. నొప్పి ఉంటుంది, అబద్ధం చెప్పడం ఎందుకు. జబ్బు కొత్తదని డాక్టరుకు తెలిస్తే ఒక మోతాదు. ఎప్పటిదో తెలియకపోతే (మనలో చాలామందికి తెలియదు) వారానికొకటి చొప్పున మూడు.

ఈ రెండో, మూడో సూది దగ్గరే దారి తప్పుతుంది. మిర్చి ఏరే రోజులు, కూలీ పోతుందని వారం దాటిపోతుంది. లేదా ఏడో నెలలో పుట్టింటికి పోతారు, అది ఇంకో మండలం, అక్కడి నర్సమ్మకు ఏమీ తెలియదు. గర్భిణికి సూదుల మధ్య గడువు దాటితే మళ్లీ మొదటి నుంచి వేయాల్సి రావచ్చు. పుట్టింటికి పోయేటప్పుడు చీరలతో పాటు తల్లీబిడ్డ కార్డు కూడా సంచిలో పెట్టుకోండి. ఎన్ని సూదులు పడ్డాయో, ఏ తేదీనో, అంకె ఎంతో అందులో రాయించుకోండి. కాన్పుకు కనీసం 30 రోజుల ముందు వైద్యం మొదలైతేనే బిడ్డకు సరిగా అందినట్టు లెక్క.

ఇదివరకు పెన్సిలిన్ పడక దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే ముందే చెప్పండి. సూది తర్వాత అరగంట అక్కడే కూర్చోండి. పెన్సిలిన్ పడని గర్భిణిని పెద్దాసుపత్రికి పంపుతారు, ఎందుకంటే కడుపులో బిడ్డను కాపాడే నమ్మకమైన మందు ఇదొక్కటే. వేరే గోలీలతో సరిపెట్టుకోవద్దు. సూది వేసిన రాత్రి చలి జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. అది మందు పడకపోవడం కాదు, క్రిములు చచ్చేటప్పుడు వచ్చే జ్వరం, ఒక రోజులో పోతుంది. కానీ కడుపు నొప్పులు మొదలైనా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

అన్నా, ఈ ముక్క మీకు

ఆమెకు పాజిటివ్ వస్తే మీరూ పరీక్ష చేయించుకోవాలి. ఆమెకు మూడు సూదులూ పడి, మీకు పడకపోతే నెల తిరగకుండా జబ్బు మళ్లీ ఆమెకు, ఆమె నుంచి బిడ్డకు చేరవచ్చు. "నాకేం లేదు, నేను బాగనే ఉన్న" అంటారు. పైన రాశాం కదా, నొప్పి లేకపోవడమే దీని లక్షణం. పైగా సోకిన కొత్తలో కొన్ని వారాలు పరీక్ష కూడా నెగెటివే వస్తుంది. ఆమెకు కొత్తగా సోకిన జబ్బయితే, గత 90 రోజుల్లో కలిసి ఉన్నవారికి పరీక్ష నెగెటివ్ వచ్చినా సూది వేస్తారు. ఇద్దరి వైద్యం పూర్తయ్యేదాకా దూరంగా ఉండండి.

మగవారికి పెన్సిలిన్ పడకపోతే డాక్సీసైక్లిన్ గోలీలు ఇస్తారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో 1940లలో అమెరికాలో వెలుగులోకి వచ్చిన ఆరియోమైసిన్ ఉంది చూశారూ, ఇది ఆ కుటుంబం మందే. గర్భిణికి మాత్రం ఇవి ఇవ్వకూడదు, మీ గోలీలు ఆమెకు పంచకండి. నలుగురిలో అడగడానికి మొహమాటమైతే పెద్దాసుపత్రిలోని సురక్ష క్లినిక్‌కు వెళ్లండి, వాళ్లు చూసేవి ఈ జబ్బులే.

బిడ్డ పుట్టాక

పుట్టిన బిడ్డకు కూడా రక్తపరీక్ష చేస్తారు. అది పాజిటివ్ వస్తే గుండె జారిపోవద్దు. తల్లి రక్తంలోని గుర్తులు బిడ్డకు దిగుతాయి, పట్టీ పరీక్షలో ఏడాదిన్నర దాకా కనిపించవచ్చు. చూడాల్సింది బిడ్డ అంకెను, తల్లి అంకె పక్కన పెట్టి. తల్లిది 1:4, బిడ్డది 1:2 అయితే అది చాలావరకు తల్లి నుంచి దిగినదే, నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. బిడ్డది 1:16 అయితే, తల్లికన్నా రెండు మెట్లు ఎక్కువ, బిడ్డకు జబ్బు ఉన్నట్టే లెక్క. తల్లికి వైద్యం సరిగా అందకపోయినా, బిడ్డ ఒంటిమీద లక్షణాలు కనిపించినా, అంకెతో పనిలేకుండా వైద్యం చేస్తారు. 10 రోజుల పెన్సిలిన్, దవాఖానలో ఉండి. రొమ్ము మీద పుండు లేకపోతే పాలు ఆపక్కర్లేదు.

ఆరు నెలలలోపు బిడ్డ అంకె పూర్తిగా పోవాలి. పోయిందో లేదో చూడటానికి బిడ్డను తీసుకురావాలి, టీకాలకు వచ్చినప్పుడే అడిగితే ఇంకో రోజు కూలీ పోదు.

ప్రతి నెలా 9న గర్భిణుల పరీక్షల రోజు. పాపకొల్లు నుంచైనా, కాకర్ల నుంచైనా దవాఖానకు రావడానికి, తిరిగి ఇల్లు చేరడానికి అమ్మఒడి బండి 102కి ఫోన్ చేయవచ్చు, డబ్బులు అక్కర్లేదు. హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల గురించి పేరు చెప్పకుండా అడగాలంటే 1097. వచ్చేటప్పుడు తల్లీబిడ్డ కార్డు, పాత రిపోర్టులు, సూదులు వేసిన తేదీల కాగితం తెచ్చుకోండి. ఫోన్‌లో రిపోర్టు ఉంటే దాన్ని తీసేయకండి, ఫోన్ పోయినా పనికొచ్చేలా ఆ అంకెను కార్డు మీద పెన్నుతో రాయించుకోండి.